పసుపునీళ్ళు చల్లిన సినిమా

పోయిన నెల మా మేనకోడలు ఫోనుకి ఒక పోస్టరు పంపింది. మా ఫిజీ రాజధాని సువాలో ఫిలిప్పీన్స్ సినిమాల ప్రదర్శన, శనివారం మధ్యాహ్నం, ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే. ఒక పడవ, పడవలో ఒక అమ్మాయి, వెనకాల సముద్రం. అంతవరకు బాగానే ఉంది. అడుగున, జ్యోతి వెలిగించే పెద్దమనిషి పేరు వేశారు. కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివాను. అనుమానం లేదు, మా పెదనాన్న కొడుకే. వరసకు నాకు అన్నయ్య అవుతాడు. ఆ వరస పెట్టి పిలవడం మానేసి చాలాకాలమైంది కాబట్టి ఇక్కడా పిలవను.

నాకు మరిచిపోవడం రాదు. మా అమ్మ దీన్ని రోగం అనేది. బళ్ళో నా వ్యాసం చదివి పక్క టీచరుకి చూపించి నవ్విన టీచరమ్మ ముక్కుపుడక నాకింకా కనిపిస్తూనే ఉంటుంది. ఒక పెళ్ళి విందులో నా విస్తరి దాటి పప్పు వడ్డించుకుంటూ వెళ్ళిపోయిన మనిషి తరవాత పెద్ద వకీలయ్యాడు. ఎదురుపడినప్పుడల్లా నమస్కారం పెడతాడు. నాకు మాత్రం అతని చేతిలో ఆ గరిటే కనిపిస్తుంది. "నీ కడుపులో పెద్ద గోడౌను ఉందే," అనేవాడు మా సొంత అన్నయ్య. ఉంది. అందులో సరుకు పాడవదు కూడా. అన్నిటికంటే లోపల, అన్నిటికంటే బరువైన మూట మా వదినది. ఆవిడ తరఫున నేను దాచిపెట్టాను. ఆవిడకి దాచుకునే అలవాటు లేదు.

అప్పుడు మేం సువాకి బస్సు దూరంలో ఉన్న నవువాలో ఉండేవాళ్ళం. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. తినే బియ్యం మనమే పండించుకోవాలని ప్రభుత్వానికి ఉత్సాహం పుట్టింది. వ్యవసాయ శాఖలో పనిచేస్తున్న మా అన్నయ్యని వరి సాగు నేర్చుకు రమ్మని ఫిలిప్పీన్స్ పంపారు. అన్నయ్య కొన్ని రకాల విత్తనాలతోనూ ఒక భార్యతోనూ తిరిగొచ్చాడు. విత్తనాలని విమానాశ్రయంలో పట్టుకుని, పురుగూ తెగులూ ఏమైనా ఉన్నాయేమోనని విడిగా ఉంచి పరీక్ష చేశాకగానీ వదల్లేదు. వదినకి అలాంటి అడ్డంకి ఏమీ లేకపోయింది. ఆ లోటు మా అమ్మ తీర్చింది. వేరే గ్లాసు, వేరే పళ్ళెం, దేవుడి గదికి ఇవతల గీత. గీత అంటే నిజంగా గీత కాదు, ఒక పీట. ఆ పీట దాటకూడదని ఎవరూ వదినకి చెప్పలేదు. మొదటిసారి దాటబోయినప్పుడు అమ్మ దగ్గిన దగ్గే సరిపోయింది.

వదిన పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండేది. మూడు పూటలా అన్నమే తినేది. ఈ ఒక్క విషయంలో అమ్మ ఆవిణ్ణి లోలోపల మెచ్చుకునేదని నా అనుమానం. ఎండుచేప వాసన మాత్రం ఇద్దరి మధ్యా గోడలా నిలబడేది. ఆరు నెలలు తిరిగేసరికి మార్కెట్‌లో కూరగాయలమ్మే ఆడవాళ్ళ దగ్గర మా ఫిజీ హిందీ అంతా ఎత్తుకొచ్చేసింది. తెలుగు కూడా కొంచెం పట్టుబడింది. మా ముత్తాత చెరకు తోటల కూలికి ఒప్పందం రాసి ఎక్కిన గిర్మిట్ ఓడలో తెచ్చుకున్న తెలుగులో మాకే మిగిలింది కొంచెం. అందులోంచి ఆవిడకి మేం ఇవ్వగలిగింది "రండి, కూర్చోండి, తిన్నారా" మాత్రమే. నన్ను బహినీ అని పిలిచేది. చెల్లీ అని. అన్నయ్య తరవాత నన్నలా పిలిచిన మనిషి ఆవిడొక్కతే.

వదిన వచ్చిన రెండో ఏట వాళ్ళమ్మ పోయిందని టెలిగ్రాం వచ్చింది. వదినకి ఏడో నెల, ప్రయాణం వద్దన్నారు డాక్టర్లు. మా ఇళ్ళల్లో పెళ్ళయిన కూతురికి తల్లి పోయిందంటే మూడురోజుల మైల. పొయ్యి వెలిగించరు, పక్కవాళ్ళు వండి తెస్తారు, వచ్చినవాళ్ళు చాప మీద కూర్చుని మాట్లాడకుండా కాసేపు ఉండి వెళతారు. బా అనే ఊరి వైపు ఎక్కడో ఉన్న అమ్మ పిన్ని పోతే, ఆవిడ ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియకపోయినా, మూడు రోజులు నేను తలంటు మానేశాను. వదిన టెలిగ్రాం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మ చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అంది: "వాళ్ళ ధరమ్ అలగ్. మనకి మైల లేదు. తల మీద నీళ్ళు పోసుకుని రా, సాయంత్రం భజన వాళ్ళు వస్తరు, చాయ్ చెయ్యాలి." వదిన నీళ్ళు పోసుకుని వచ్చింది. చాయ్ చేసింది. భజన వాళ్ళు చాయ్ బాగుందన్నారు కూడా. అందరూ వెళ్ళాక పెరట్లో గ్లాసులు కడుగుతూ నన్నడిగింది: "బహినీ, కోయి నై ఆయిగా?" ఎవరూ రారా, అని. అన్నయ్య ఉన్నాడుగా, అతను చెప్పాలి. అన్నయ్య పొలంలో నారు చూడటానికి వెళ్ళాడు. అన్నయ్యకి ఇంట్లో కష్టం వచ్చినప్పుడల్లా నారు గుర్తొచ్చేది.

పాప పుట్టిన తరవాతి సంవత్సరం వదిన వేలువిడిచిన తమ్ముడొకడు పనిచేసే సరుకుల ఓడ సువా రేవులో ఆగింది. ఆ ఓడల్లో పనివాళ్ళు పొద్దుపోక చూసుకునే సినిమాలు గుండ్రటి రేకు డబ్బాల్లో ఉంటాయి. వాటిల్లో వదిన పెళ్ళికి ముందు తన ఊళ్ళో చూసిన సినిమా ఒకటుంది. ఓడ కదిలేలోగా తిరిగిచ్చేసే షరతు మీద ఆ డబ్బాలు పట్టుకుని బస్సులో వచ్చింది వదిన. ఒళ్ళో పాప, పాప కింద డబ్బాలు. ఆవిడ ముఖం అంత వెలగడం నేను అంతకుముందు చూడలేదు, తరవాతా చూడలేదు. మా ఊళ్ళో సినిమా అంటే హిందీ సినిమానే. ఇంగ్లీషు సినిమా అంటే గుర్రాలూ తుపాకులూ. ఫిలిప్పీన్స్ వాళ్ళు సినిమాలు తీస్తారన్న సంగతే ఎవరికీ తెలియదు. ఆ దేశంలో వరి తప్ప ఏమీ ఉండదనుకునేవాళ్ళం. తప్పు మా అన్నయ్యది, అక్కడి సంగతులు అడిగితే వరి గురించే చెప్పేవాడు.

మా తెలుగు సంఘం హాలు తాళంచెవి పెదనాన్న దగ్గర ఉండేది. ఆయన సంఘానికి అధ్యక్షుడు, మా ఇంటికి పెద్ద. ఆయన మీసం కూడా అధ్యక్షత వహిస్తున్నట్టే ఉండేది. వదిన ముసుగు సవరించుకుని వెళ్ళి అడిగింది. "పాటలున్నయా?" అన్నాడు. ఉన్నాయంది. "కొట్లాట?" కొంచెం ఉందంది. "అయితే వెయ్యండి. పరదేశ్ సినిమా మన హాల్లో అంటే మనకే నామ్." ఆ వారం చివర, ఆదివారం, అదే హాల్లో ఆయన కూతురి పెళ్ళి. ఓడ కూడా ఆదివారమే కదులుతుంది. అందుకని శనివారం మధ్యాహ్నమే కుదిరింది. బడి నుంచి ప్రొజెక్టరు అడిగి తెచ్చాడు అన్నయ్య. తెరకి బట్ట దొరకలేదు. వదిన తన పెట్టె అడుగు నుంచి ఒక తెల్లటి పెద్ద దుప్పటి తీసింది. వాళ్ళమ్మ పెళ్ళికిచ్చింది. అంచంతా చేత్తో కుట్టిన తెల్లటి పువ్వులు. తెలుపు మీద తెలుపు, దగ్గరికి వెళ్ళి చూస్తేగానీ కనపడవు.

సినిమా వాళ్ళ భాషలో ఉంది, అడుగున అక్షరాలు లేవు. అందుకని వదిన తెర పక్కన నిలబడి ఎప్పటికప్పుడు ఫిజీ హిందీలో చెప్పాలని అనుకున్నాం. కొబ్బరి కోరుకుంటూ వారమంతా నా మీద సాధన చేసింది. "లడ్కీ పర్‌దేస్ మే హై. మాయి రాస్తా దేఖే." కూతురు పరాయిదేశంలో ఉంది, తల్లి ఎదురుచూస్తోంది. కథంతా చెప్పిందిగానీ చివరి రీలు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేది. "ఆమే వోలా అభీ నై బోలేగా. హువాఁ దేఖ్నా." అదిప్పుడు చెప్పను, అక్కడే చూడు, అని. తరవాత గొంతు తగ్గించి, తెలుగులో, ఒక్కో మాటా ఏరుకుంటూ అంది: "అమ్మ చూడాలి. ముందుది చూడకపోతే ఫరక్ లేదు. చివరి రీలు అమ్మ చూడాలి." అమ్మ అంటే మా అమ్మ. ఆ సినిమా ఊరందరి కోసం తెచ్చిందని ఊరందరూ అనుకున్నారు. అది ఒక్క మనిషి కోసం తెచ్చింది. ఆ మనిషిని ముందు వరసలో, పాపని ఒళ్ళో పెట్టి, తనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆ రోజు వాన. నవువాలో వాన లేని రోజు చెప్పుకోవాలిగానీ వాన ఉన్న రోజు చెప్పుకోనక్కర్లేదు. రేకుల కప్పు మీద మోత. కిటికీలకి గోనెసంచులు కట్టాం. సగం వేసిన పెళ్ళిపందిరి, మామిడాకుల కట్టలు, మూలన గంగాళాలు. పక్క ఫిజియన్ పల్లెకి వదిన ముందే వెళ్ళి, వాళ్ళ పద్ధతి ప్రకారం నీళ్ళల్లో కలుపుకుని తాగే యంగోనా వేళ్ళకట్ట ముందు పెట్టి పిలిచింది. ఆ ఆడవాళ్ళు తమ చాప తామే తెచ్చుకుని ఒక పక్కగా పరుచుకుని కూర్చున్నారు. ఒక రీలు అయ్యాక లైటు వెయ్యడం, అన్నయ్య ఇంకో రీలు ఎక్కించడం, ఈలోగా బజ్జీలు. మొదటి రీలులో పాటొచ్చింది, చప్పట్లు. రెండోదాంట్లో పడవల మీద కొట్లాటొచ్చింది, ఈలలు. పెదనాన్న చుట్టూ చూసి మీసం సర్దుకున్నాడు. వదిన గొంతు మొదట వణికింది, తరవాత కుదుటపడింది. నవ్వించాల్సిన చోట నవ్వించింది కూడా. "దేఖో, ఈ బుడ్ఢా హమార్ ససుర్ కే మాఫిక్ హై," అని తెర మీది ముసలాయన్ని తన మామగారితో పోలిస్తే మా నాన్న సైతం నవ్వాడు.

మూడో రీలు చివర తల్లి చచ్చిపోయింది. వాళ్ళ ఊళ్ళల్లో శవాన్ని వెంటనే తీసుకెళ్ళరు. నడింట్లో పెట్టెలో పడుకోబెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, రోజుల తరబడి చుట్టాలూ పక్కవాళ్ళూ కూర్చుంటారు. తింటారు, కాఫీ తాగుతారు, నిద్ర రాకుండా పేకాడతారు. ఒంటరిగా వదలకూడదని. అదంతా తెర మీద కనిపిస్తోంది. వదిన చెబుతోంది: "మాయి మర్ గయిస్. సబ్ పడోసీ ఆయిస్..." తల్లి పోయింది, పక్కవాళ్ళంతా వచ్చారు, అని. అమ్మ రెప్ప వెయ్యకుండా చూస్తోంది. నేను సినిమా చూడటం మానేసి అమ్మని చూస్తున్నాను కాబట్టి ఖాయంగా చెప్పగలను. అప్పుడు వెనకనించి పెదనాన్న గొంతు వాన మోతని మించి లేచింది. "బంద్ కర్ రే! కల్ హియాఁ షాదీ హై, ఆజ్ ముర్దా దేఖాయిగా?" రేపు పెళ్ళి జరిగే చోట ఈ రోజు శవాన్ని చూపిస్తావా, అని. "శవం పక్కన తిండేమిట్రా, పేకాటేమిట్రా! హాలు మైల పడిపోయింది. ఆపు!"

అన్నయ్య ఆపాడు. ఆపాడంతే. తెర మళ్ళీ దుప్పటైపోయింది. చివరి రీలు డబ్బా మూత తియ్యకుండా బల్ల మీద అలాగే ఉంది. వదిన తెర పక్కన, చెప్పబోయే మాట నోట్లోనే పెట్టుకుని నిలబడింది. నేను లేచాను. అప్పుడు టీచర్ల ట్రైనింగ్ చదువుతున్నాను, భయమంటే తెలియదు. "పెదనాన్నా, దీపావళికి ఇక్కడే హిందీ సినిమా వేసినప్పుడు అందులో తల్లి చచ్చిపోతే మీరు రుమాలు తడుపుకున్నరు, అప్పుడు మైల నై ఆయిస్? వదిన మాయి సచ్ మే మర్ గయిస్, తబ్ భీ మైల నై రహా. పర్దా మీద మర్ గయిస్ తో మైల ఆయిస్?" నిజం తల్లి పోతే లేని మైల బొమ్మ తల్లి పోతే ఎక్కణ్ణించి వచ్చింది? "లడ్కీ, ముహ్ బంద్," అన్నాడు పెదనాన్న. అమ్మ నా జడ పట్టుకుని కిందికి లాగింది.

పెళ్ళికని కలిపి పెట్టిన పసుపు అక్కడే ఉంది. పెదనాన్న కొడుకు, ఇప్పుడు జ్యోతి వెలిగించే పెద్దమనిషి, బకెట్లో కలిపి, మామిడి కొమ్మ ముంచి చల్లడం మొదలుపెట్టాడు. నేల మీద, బల్లల మీద, గుమ్మం మీద. మంచి హుషారుగా చల్లాడు. తెర దాకా వెళ్ళి తెర మీదా చల్లాడు. అప్పుడు మా అన్నయ్య నోరు విప్పాడు. వదిన కోసం కాదు. "మషీన్ మీద పడకుండా చూడు, బడివాళ్ళది," అన్నాడు. ఆ రోజంతటికీ మా అన్నయ్య చెప్పిన ఒక్క మాట అది. అన్నయ్య పోయి ఏళ్ళయింది. మంచివాడు, పిలిస్తే పలికేవాడు, అతని వరి మీద ఎంతమంది బతికారో. అదంతా ఒక పక్క, ఆ మాట ఇంకో పక్క.

ఫిజియన్ ఆడవాళ్ళు చాప ఎత్తుకుని బయటికొచ్చారు. వాళ్ళలో పెద్దావిడ "ఇసా... ఇసా..." అంటూ వదిన భుజం నిమిరి, మెట్ల మీద పక్కన కూర్చుంది. జాలి వేస్తే వాళ్ళనే మాట అది. మీ అమ్మ ఉందా అని అడిగిందనుకుంటాను. వదిన తల అడ్డంగా ఊపింది. మర్నాడు మా ఇంటిల్లిపాదీ పెళ్ళికి వెళ్ళారు. నేను వెళ్ళనని మొండికేశాను, వదినని ఎవరూ రమ్మనలేదు. పొద్దున ఆ ఆడవాళ్ళు వరసగా వచ్చారు, నల్లబట్టలు కట్టుకుని. కొత్త చాప, దుంపల బుట్ట, యంగోనా మా గుమ్మంలో పెట్టి, పెద్దావిడ తలవంచి ఏదో సుదీర్ఘంగా చెప్పింది. చావింటికి వెళ్ళే వాళ్ళ పద్ధతి అది. వదిన తల్లి పోయి ఏడాది దాటిందని వాళ్ళకి తెలుసో లేదో. తెలిసినా వచ్చేవాళ్ళే అనుకుంటాను. వదిన అప్పుడు ఏడ్చింది. టెలిగ్రాం వచ్చిన రోజు నించి ఆపుకున్నదంతా ఏడ్చింది. రోడ్డవతల హాల్లో సన్నాయి రికార్డు మోగుతూనే ఉంది.

డబ్బాలు ఓడకి చేరాయి. దుప్పటి మీద పసుపు పోలేదు. వదిన దాన్ని మళ్ళీ పరుపు మీద పరవలేదు, పెట్టెలోనూ పెట్టలేదు. ముందు గదిలో పరదాగా కట్టింది, మరకలు వసారా వైపుకి వచ్చేలా. పెదనాన్న ఎప్పుడొచ్చినా వసారాలో దానికి ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చోవాలి, ఇంకో కుర్చీ లేదు. అమ్మ ఆ పరదా తీసెయ్యమని ఎన్నడూ అనలేదు. అలాగని ఇంకేమీ కూడా అనలేదు. వదిన తన దేశం మాట ఎత్తడం ఆనాటితో మానేసింది. ఆ చివరి రీలులో ఏముందని ఒకసారి అడిగాను. "ఊ ఫిల్మ్ తో బంద్ హోయ్ గయిస్ నా, బహినీ," అంది, ఆ సినిమా ఆగిపోయిందిగా అని, కొబ్బరి కోరుకుంటూ ఉండిపోయింది.

పోస్టరు చూశాక నవువా వెళ్ళి వదినని సువాకి తీసుకెళ్ళాను. రానంటుందనుకున్నాను. నల్లంచు తెల్లచీర కట్టుకుని నాకంటే ముందే తయారైంది. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు. పెదనాన్న కొడుకు జ్యోతి వెలిగించి మైకు పట్టుకున్నాడు. ఈ దేశంలో ఫిలిప్పీన్స్ సినిమాని అందరికంటే ముందు ఆదరించింది తమ కుటుంబమేనట. నవువాలో తన తండ్రిగారి విశాల హృదయం వల్లనే అది సాధ్యమైందట. తానూ ఆ రోజు తన చేతులతో సేవ చేశాడట. చప్పట్లు. నేను లేచాను. వదిన నా మణికట్టు పట్టుకుంది. ఆ వయసులో అంత పట్టు ఎక్కణ్ణించి వచ్చిందో. "బైఠో బహినీ. ఫిల్మ్ దేఖో."

సినిమా వేరేది, కొత్తది. ఏం చూశానో నాకు తెలియదు. అయ్యాక ఆయన మా దగ్గరికొచ్చాడు. "వదినా! మీరు రావడం మా భాగ్యం. యాద్ హై ఆ దినం? భలే సినిమా. ఖతమ్ ఎలా అయింది, నేను మరిచిపోయిన." నిజంగానే మరిచిపోయాడు. ముఖంలో దొంగతనం లేదు. అదే నాకు మింగుడుపడలేదు. వదిన నవ్వింది. "ఖతమ్ నై భయిస్," అంది, ఇంకా అయిపోలేదు అని. ఆయన దాన్ని హాస్యం అనుకుని గట్టిగా నవ్వి ఇంకొకరి వైపు తిరిగాడు.

కారు ఊరు దాటాక నేను అడక్కుండానే వదిన చెప్పింది. కూతురు పరాయిదేశం నుంచి వచ్చేసరికి తల్లిని పూడ్చేసి ఉంటారు. ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడిపోతుంది. పక్కింటావిడ, అంతకుముందు ఆ తల్లితో మాటల్లేని మనిషి, లేచి వచ్చి ఏమీ మాట్లాడకుండా అన్నం పెట్టి, ముందు కూర్చుని తినిపిస్తుంది. అంతే. అందులో ఏడుపు కూడా లేదు. "అమ్మ అది చూస్తే, నాకు కూడా ఒక రోజు అట్ల ప్లేటు పెడుతదేమో అనుకున్న," అంది కిటికీలోంచి బయటికి చూస్తూ. ఇంటికెళ్ళగానే నేను వండి పెడతానన్నాను. ఒక్క కూరతో అయినా సరే, పక్కన కూర్చుని పెడతానన్నాను.

"అబ్ భూఖ్ నై లగే, బహినీ," అంది వదిన. ఇప్పుడు ఆకలి లేదు, అని.

నవువాలో మా సంఘం హాలు ఇప్పుడూ ఆ రోడ్డు పక్కనే ఉంది, కొత్త రంగు వేశారు. కారులోంచి చూస్తూ అనిపించింది, కాలం కూడా మా హాలు లాంటిదే. కాసిని పసుపునీళ్ళు చల్లుకుని మర్నాటి పెళ్ళికి శుభ్రంగా తయారైపోతుంది, మూత తియ్యని ఆ డబ్బా బల్ల మీద అలా ఉండగానే.